మా వాకిట్లో పాతర

మొన్న పుట్టపర్తిలో మేముంటున్న అద్దె ఇంటి ముందు నీళ్ల పైపు కోసం మట్టి తోడుతుంటే, లోపలి నుంచి ముక్కిపోయిన గింజల వాసన గుప్పున వచ్చింది. కూలివాళ్లు ముక్కులు మూసుకున్నారు గానీ నేను మాత్రం గుంత అంచున వంగి చూస్తూ నిలబడిపోయాను. ఆ వాసన నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు.

తనకల్లు పక్కన ఓ పల్లె మాది. బండల ఇల్లు, ముందు ఎర్రమట్టి వాకిలి. నాయన వాళ్లమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమె తెల్లవారేసరికి పేడనీళ్లు చల్లి ముగ్గేసేది. ఎండాకాలమంతా విత్తనానికని చెనిక్కాయలు, అంటే వేరుశనగ, ఒలుస్తూ, ఉగాదినాడు మిగిలిన ఓళిగలు, అదే బొబ్బట్లు, నములుతూ, చింతచిగురు ఉడుకుతున్న పుల్లటి వాసన పీలుస్తూ, చెల్లెలూ నేనూ ఆ వాకిట్లోనే గోళీలాడేవాళ్లం. నేను ఎటు కొట్టినా గోళీ చివరికి వాకిట్లో ఉన్న రోలు పక్కకే దొర్లిపోయేది. చెల్లెలు నేను తొండి చేస్తున్నానని ఏడ్చేది. ఒకరోజు చెంబుతో నీళ్లు పోసి చూశాను. నీళ్లు అక్కడికే పోయి, కాసేపు నిలిచి, బుడగలేస్తూ లోపలికి ఇంకిపోయాయి.

నాయన అది పందికొక్కుల పనన్నాడు, అమ్మ చెదలంది. అవ్వ ఆ పల్లం చుట్టూ ముగ్గేసి లోపలికి పోయింది. నాయన రెండు గంపల మట్టి పోసి తొక్కాడు. ఒక్క చిన్న జల్లుకే మళ్లీ చాటంత పల్లం పడింది. మళ్లీ పోశాడు, మళ్లీ కుంగింది. ఆ మట్టంతా ఎక్కడికి పోతోందన్నదే నాకు పట్టిన ధ్యాస.

రెండేళ్లు మొహం చాటేసిన వాన ఆ ఏడు మూడు రోజులు విడవకుండా కురిసింది. నాలుగోనాడు పొద్దున మా దూడ వెనక కాళ్లు రెండూ తొడల దాకా ఆ పల్లంలో దిగిపోయాయి. తాళ్లు వేసి లాగేసరికి అందరి ఒళ్లూ బురదే. నాయన వెంటనే బావులు తవ్వే యేసోబు తాతను పిలుచుకొచ్చాడు. ఆయన గడ్డపార తిరగేసి వాకిలంతా తడుతూ తిరిగాడు. రోలు దగ్గరకొచ్చేసరికి శబ్దం మారింది, ఖాళీ కుండ మీద కొట్టినట్టు.

"ఏమక్కా, ఈడ పాతర ఉన్నిందా?" అని అవ్వనడిగాడు.

అవ్వ అప్పుడు నోరు విప్పింది. ఒకప్పుడు మా జొన్నలన్నీ ఆ పాతరలోనే ఉండేవట. నేలలో కుండలాగా లోపల వెడల్పుగా, పైన ఇరుకు మూతితో తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు పోసి, బండతో మూసి పైన మట్టి మెత్తేవాళ్లు. ఓ కరువులో మా తాత దాన్ని తెరిచి, అడిగిన ఇంటికల్లా అడుగంటేదాకా కొలిచిపెట్టాడు. "పూడ్చొద్దు, పంటొస్తానే మళ్ల నింపుదామన్న్యాడు" అంది అవ్వ. తర్వాత చేలన్నీ చెనిక్కాయలకు మళ్లాయి. కాయలు సంతకు పోయేవి గానీ పాతరకు రాలేదు. తాత పోయాడు. బండ పక్కనుంచి ఏటేటా వాననీళ్లు మట్టిని లోపలికి లాగుతూనే ఉన్నాయి.

బండ జరపగానే ఆ ముక్కిపోయిన వాసన కొట్టింది. నాయన తాడు పట్టుకుని మూతిలో కాలు పెట్టేశాడు.

"ఆగప్పా! ముందు దీపాన్ని దిగనీ," అని యేసోబు తాత అరిచాడు.

తాడుకు కట్టిన లాంతరు సగం లోతైనా పోకముందే మంట చిన్నదై ఆరిపోయింది. అమ్మ నాయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది, చాలాసేపటిదాకా వదల్లేదు.

మర్నాటిదాకా తాడుకు వేపకొమ్మలు కట్టి పైకీ కిందికీ ఆడిస్తూ లోపలి గాలి మార్చారు. దీపం అడుగుదాకా వెలుగుతూ దిగాకే యేసోబు తాత దిగి, కుళ్లిన గడ్డీ బురదా తోడి పంపాడు. చేనిగట్ల నుంచి బండెడు రాళ్లొచ్చాయి. ఇక వేయబోతుంటే అవ్వ చాటతో జొన్నలు తెచ్చింది.

"ఏం చేస్తాండావత్తా? తినేదానికే లేవే!" అంది అమ్మ.

"మీ మామకు మాటిచ్చినాను మే. నింపకుండా యట్ల పూడ్చేది?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన తల దించుకున్నాడు. చాటెడు జొన్నలూ చీకట్లోకి జారిపోయిన చప్పుడు విన్నాను.

కింద పెద్ద రాళ్లు, మీద చిన్న రాళ్లు, సందుల్లో గరుసు. ఆపైన జానెడు మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ జానెడు. "ఒక్కతూరే పోస్తే మళ్ల కూర్చుంటాది" అంటూ యేసోబు తాత తొందరపడనివ్వలేదు. నీళ్లు నిలవకుండా చివర్న కాస్త ఎత్తు చేశాడు. ఆ తర్వాత అక్కడ నేల కుంగలేదు.

ఇప్పుడు ఆ వాకిలికి సిమెంటు పరిచారు. జొన్నచేలు పోయాయి. తినే జొన్నలు అంగడి నుంచి ప్యాకెట్లలో వస్తాయి. అవ్వా లేదు, యేసోబు తాతా లేడు. ఆ ఊళ్లోనూ, ఇక్కడ పుట్టపర్తిలోనూ ఇంకెన్ని ఇళ్ల ముందు, నింపుదామనుకుని మూసిన పాతరలు ఖాళీగా ఉన్నాయో, నేలను తట్టి చెప్పగలిగే మనిషి ఒక్కరూ మిగల్లేదు.