నాలుగు వేళ్ళ తేడా

2023 వానాకాలం. అమలాపురం శివార్లో నాది వీల్ అలైన్‌మెంట్ షాపు, అంటే చక్రాలు తిన్నగా నడిచేలా సరిచేసే పని. ఒక మధ్యాహ్నం మలికిపురం నుంచి సుధారాణి తన ఆల్ వీల్ డ్రైవ్ కారులో వచ్చింది. ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే బండి అది. పక్కసీట్లో ఆమె అత్తగారు నాగరత్నం గారు.

సుధారాణి కువైట్‌లో పనిచేసి వచ్చి ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులు లీజుకు తీసుకుంది. వాన పడితే ఆ గట్ల మీదికి మామూలు కారు ఎక్కదు. అందుకే ఈ బండి కొంది. కొన్నాక, చూడ్డానికి బాగుంటుందని వెనక మాత్రం వెడల్పు టైర్లు వేయించింది.

అప్పట్నుంచీ మొదలైంది తంటా. తారు రోడ్డు మీద మలుపు తిప్పితే ఎవరో వెనక్కి లాగినట్టు బండి బిగిసిపోతుంది. కాసేపటికి వేడెక్కిందని ఎర్ర లైటు. గట్టు మీద బురదలో మాత్రం నిక్షేపంగా నడుస్తుంది. ఇంట్లోవాళ్ళు కారణం తేల్చేశారు. పూజనాడు ముందు చక్రాల కిందే నిమ్మకాయలు పెట్టారు, వెనకవాటికి మర్చిపోయారు, దోషం వెనక ఉండిపోయింది. బండి అమ్మేయాలని అత్తగారి తీర్మానం. కొనేవాణ్ణి కూడా చూసేశారు.

"అచ్చిరాని బండండీ. వేళాపాళా లేకుండా చెరువుల చుట్టూ తిరిగే పిల్ల. బండి పోతే పోయింది, మా పిల్ల దక్కాలి కదండీ" అన్నారావిడ.

దోషం అన్నంత సోమరి మాట మన భాషలో ఇంకోటి లేదు. ప్రశ్న పుట్టగానే దాని గొంతు నొక్కేస్తుంది. హేతువాద సభల్లో ఆ మాట మీద వేదికలెక్కి అరిచినవాణ్ణి నేను. ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ గొంతులో ఉన్నది కోడలి మీద బెంగ. వంగి టైర్లు చూశాను.

ముందు 235/55, వెనక 255/55.

రెండిటికీ యాభై అయిదే కనక ఎత్తు ఒకటేననుకున్నానంది సుధారాణి. చాలామంది చేసే పొరపాటే. గీతకి ముందున్నది మిల్లీమీటర్లలో వెడల్పు, తర్వాతి యాభై అయిదు శాతం లెక్క. టైరు వెడల్పులో నూటికి అంత భాగం దాని పక్కగోడ ఎత్తు. వెడల్పు పెరిగితే చక్రమే పెద్దదవుతుంది. పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, చిన్నది వేగంగా తిరుగుతుంది. ముందుకీ వెనక్కీ బలం పంచే సెంటర్ కప్లింగ్ అనే భాగం ఆ తగువు తీర్చలేక వేడెక్కిపోతుంది. బురదలో టైరు కాస్త జారి ఆ బిగువు వదిలించుకుంటుంది.

కంప్యూటర్ తెర మీద బొమ్మ వేసి చూపించాను.

"ఆ బొమ్మ మీరు వేసిందే కదండీ" అన్నారు నాగరత్నం గారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. రుజువు అడిగే మనిషి దొరికింది! ముందూ వెనకా చక్రాలు విప్పించి పక్కపక్కన పెట్టించాను. నా టేపు వద్దు, కొలవడానికి మీదే ఏదైనా ఇమ్మని నేనడిగితే, ఆవిడే కారు డిక్కీలోంచి కొబ్బరితాడు తీశారు. కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుని, ముందు చక్రం చుట్టూ బిగించి, సరిగ్గా చుట్టు పూర్తయ్యే చోట ముడి వేశారు. అదే తాడు వెనక చక్రానికి చుడితే చాల్లేదు. ఆ సందులో వేలు పెట్టి చూశారు. తర్వాత ఇంకోటి. నాలుగు వేళ్ళు పట్టాయి. నన్నడక్కుండానే రెండో పక్క చక్రాలూ విప్పమన్నారు. అక్కడా నాలుగే.

ఆవిడ తాడు పట్టుకుని కోడలివైపు తిరిగారు. "బండికేం దోషం లేదే సుధా. ఉన్నదంతా నీ సోకుదే."

"ఆయ్, నాదేనండి అత్తయ్యగారూ" అంది సుధారాణి నవ్వుతూ.

నాలుగూ ఒకే సైజు వేసుకోవడం అన్నిటికన్నా మేలని చెప్పాను. వెనక వెడల్పు వదలనంది. అయితే 255/50 వెయ్యాలి. వెడల్పు అంతే, పక్కగోడ పొట్టి. తెప్పించి బిగించాక అత్తగారు మళ్ళీ కొలిచారు. ఈసారి తేడా చిటికెన వేలంత కూడా లేదు. కంపెనీ పుస్తకం ఒప్పుకునే హద్దులోనే ఉంది. తారు రోడ్డు మీద బండిని గుండ్రంగా తిప్పించారు. ఇంకో చుట్టు తిప్పవే, ఇంకో చుట్టు, అంటూ చిన్నపిల్లలా ముచ్చటపడ్డారు. లైటు వెలగలేదు.

దిగగానే, బండి కొంటానన్నాయనకి ఫోన్ చేశారు. "బండి అమ్మమండీ. నేనే కొలిచి చూశాను."

ఆయన ఏమడిగాడో గాని, టైరు పక్కగోడ శాతం గురించి ఆవిడ పాఠం మొదలెట్టారు. వేదికల మీద నేను గెలిచిన వాదాలకి లెక్కలేదు. ఓడినవాళ్ళంతా తమ నమ్మకాన్ని భద్రంగా ఇంటికి తీసుకుపోయారు. ఈవిడ నా మాట ఒక్కటీ నమ్మలేదు, తన చేత్తో కొలిచింది నమ్మారు. ఇన్నేళ్ళూ నేను ఊరూరా చెప్పుకొచ్చింది ఇదే కదా అనుకుంటూ, ఆ పాఠం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి విన్నాను.