పడమటికి పోయినాడన్న ఉత్తరం

మొన్న మా కోడలు ఫోనులో ఎవరితోనో తన ఆఫీసు ప్రాజెక్టంతా సౌత్ అయిపోయిందని విచారపడుతుంటే, చెన్నైకి బదిలీ కాబోలని కంగారుపడ్డాను. పటంలో దక్షిణం కింద ఉంటుంది కనుక, పని దిగజారితే ఇంగ్లీషులో అలా అంటారట, నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

నా ఇరవై రెండో ఏట, వాకాడు దగ్గర మా ఊరి బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో, ఇంగ్లీషు వచ్చినదాన్నని నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఇంగ్లీషు ఉత్తరం వస్తే చదివించుకోవడానికి మనిషిని వెతుక్కునే రోజులు, మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. పక్కింట్లో ఉండే మా మేనత్త భర్త ఊటీ కొండల్లో, తేయాకు తోట చూసుకునే ఒక ముసలి దొర దగ్గర వంట చేసేవాడు. నెలకో కార్డు తెలుగులో తనే రాసేవాడు. ఒకసారి దానికి బదులు దొరగారి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. విచారంతో రాస్తున్నానని, మీ ఆయన ‘గాన్ వెస్ట్’ అని, అలాంటి వంటవాడు మళ్ళీ దొరకడని, సామాను మనిషి చేత పంపిస్తానని, అంతే.

రెండుసార్లు చదివి, వంటవాడు పని మానేసినందుకు దొర బాధపడుతున్నాడని తేల్చుకున్నాను.

“పడమటికి పోయినాడంట అత్తా, కేరళలో ఇంకో తోటకేమో” అన్నాను.

చెప్పకుండా పోయినందుకు అత్తయ్య రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి కొత్త చిరునామా కోసం పోస్టుమాన్ వచ్చే వేళకు వాకిట్లో నిలబడేది.

నెల తర్వాత ఆ తోటలో పనిచేసే ఒకాయన, మామయ్య ట్రంకుపెట్టె మోసుకుంటూ వచ్చాడు. తలలో కనకాంబరాలతో ఎదురొచ్చిన అత్తయ్యను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

“దొర కాయితం రాసినాడు గదమ్మా. గుండెనొప్పొచ్చి అన్న పోయి నెలయింది.”

ఆ ఏడుపు గురించి రాయలేను. కర్మకాండ ముగిశాక అత్తయ్య నన్ను పిలిపించింది. తిడుతుందని భయపడుతూ వెళ్ళాను.

“మనకు యముడుండేది దక్షిణాన గదా అమ్మాయ్. వాళ్ళకు పడమరెందుకైంది?” అని మాత్రం అడిగింది.

చాలా ఏళ్ళకు మా పెద్ద పంతులుగారు చెప్పారు, సూర్యుడు కుంకే దిక్కు కాబట్టి, యుద్ధంలో తోటివాడు చచ్చిపోయాడనడానికి నోరు రాక సిపాయిలు ఆ మాట అనేవారట. దొర కూడా మెత్తగా చెప్పాలనే అలా రాశాడేమో. సముద్రం మీద పొద్దు పొడవడం చూసి లేచే మాకు పడమరంటే వరిమళ్ళు, గూడూరు బస్సు. అందులో చావు ఎలా కనబడుతుంది? వెళ్ళి అత్తయ్యకు చెబితే, “మాటైతే మెత్తగానే ఉందిలే” అని ఊరుకుంది. నన్ను క్షమించిందో లేదో తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఏ మాటకైనా ఫోను క్షణంలో అర్థం చెప్పేస్తుంది. కాగితం పట్టుకుని ఎవరూ పక్కింటికి రారు. తప్పుగా చదివి, ఒక ఇల్లాలికి ఆమె భర్తను ఇంకో నెల రోజులు బతికించి ఉంచడం ఇక ఎవరి చేతా కాదు. నేను చేసింది పాపమో పుణ్యమో, ఈ వయసులోనూ నాకు అంతుపట్టదు.