ఆఖరి వరుసలో కళ్ళజోడు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బద్ధకం ఒకటి, భయం ఒకటి. మాస్టారి గురించి ఏం రాసినా ఆయన చదివి, మొదటి పేరా అడ్డంగా కొట్టేస్తారన్న భయం. ఆయన పోయి నెల కావస్తోంది గానీ ఆ భయం మాత్రం పోలేదు.

కబురు పొద్దున్నే వచ్చింది. కడియంలో మా నర్సరీ దగ్గర లారీకి కొబ్బరిమొక్కలు ఎక్కిస్తున్నాం. రాజమండ్రి నుంచి ఫోను. "మాస్టారు నిద్రలోనే వెళ్ళిపోయారండి" అన్నాడు మా ఆదివారం క్లాసులో ఉండే ఇన్సూరెన్సు ఏజెంటు. పాలసీ గురించి గుమ్మంలో నిలబడి గంటన్నర చెప్పగల మనిషి, ఒక్క వాక్యంతో ఆపేశాడు. ఇదీ మాస్టారు నేర్పిందే కాబోలు అనుకున్నాను.

మాస్టారంటే నాకు బడిలో పాఠం చెప్పినాయన కాదు. నేను ఐదో క్లాసులోనే బడి మానేశాను. తరవాతి చదువంతా మొక్కల వేళ్ళకి చుట్టే పాత పేపర్లలోదే. అందుకే లోకంలో చాలా సంగతులు నాకు సగమే తెలుసు. మిగతా సగం మొక్కతోపాటు ఏ ఊరో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజుల్లో, ఒక ఎండాకాలం, బస్సు దిగి మా నర్సరీకి వచ్చారు. ఒక బొడ్డుమల్లె మొక్క ఏరుకుని, "దీనికి రోజూ ఎన్ని నీళ్ళు పొయ్యాలండీ?" అన్నారు.

అడక్కూడని వాణ్ణి అడిగారు. మల్లెకి నీళ్ళంటే ముందు నేల సంగతి చెప్పాలి. నేలంటే మా తాత బీడుని తోట చేసిన వైనం చెప్పాలి. తాత గురించి చెప్పి ఆయన ఎద్దు గురించి చెప్పకపోతే ఎద్దుకి అన్యాయం. మేం ఎద్దు దగ్గర ఉండగా రాజమండ్రి బస్సు వెళ్ళిపోయింది.

"ఇంకో బస్సు ఉందాండీ?"

"అరగంటలో ఉందండి. ఈలోగా ఆ ఎద్దు ఏం చేసిందంటే..."

"నర్సరీ గారూ, మీరు అమ్మేది మొక్కలా, మాటలా?"

"మొక్క కొంటే మాట ఊరికేనండి."

ఆయన పకపకా నవ్వారు. "గొంతుంది, ధైర్యముంది, కథుంది. ఎన్ని నీళ్ళు పొయ్యాలో మాత్రం ఇంతకీ చెప్పలేదు. ఆదివారం మా క్లాసుకి రండి" అన్నారు.

క్లాసంటే గోదావరి రేవుకి దగ్గర్లో ఒక పాత లైబ్రరీ వరండా. అక్కడ ఉపన్యాసం చెప్పడం నేర్పేవారు. నోరున్నవాడికి నేర్పేదేముంది అనుకుంటూ వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, ఇందులో ప్రతిదానికీ ఒక పేరుందని. గౌరవనీయులైన అధ్యక్షులవారికీ, వేదికనలంకరించిన పెద్దలకీ అంటూ మొదలుపెడతామే, దాన్ని సంబోధన అంటారట. నేను మహా సరదాగా సాగదీస్తుంటే ఆపేశారు. "అన్ని పేర్లెందుకండీ? పెళ్ళిలో చదివింపులు చదువుతున్నారా?" మైకు పట్టుకోగానే ఊదబోతే, "అదేం కట్టెలపొయ్యి కాదు" అన్నారు. మా ఏజెంటుకి సభాకంపం. నలుగురి ముందు నిలబడితే మోకాళ్ళు టకటకలాడేవి. "వణకనివ్వండి, మాట్లాడేది మోకాళ్ళు కాదుగా" అన్నారు మాస్టారు. అప్పట్నుంచి మోకాళ్ళు వణుకుతూనే ఉండేవి, అతను మాట్లాడుతూనే ఉండేవాడు.

నాకు బాగా ఎక్కింది విరామం. మాటకీ మాటకీ మధ్య ఆగడం. "ఒక మడి నిండాకే కదండీ పక్క మడికి నీళ్ళు వదులుతారు? చెప్పిన మాట వాళ్ళలో నిండనివ్వండి" అనేవారు. ఇక చూపు. బంతిలో వడ్డించేవాడిలాగా మన చూపు ఆఖరి విస్తరి దాకా వెళ్ళాలిట.

ఆఖరి విస్తరి ఆయనదే. శిష్యులు ఎక్కడ మాట్లాడినా వచ్చి ఆఖరి వరుసలో కూర్చునేవారు. ముందు వరుసవాళ్ళు వినకపోయినా విన్నట్టు నటిస్తారు, వెనకవాళ్ళకి ఆ మొహమాటం ఉండదు అనేవారు. చెప్పాల్సింది అయిపోయిందని ఆయనకి తోచినప్పుడు, కళ్ళజోడు తీసి కేసులో పెట్టుకునేవారు. ఇక దిగమని దాని అర్థం.

నాకు రానిది అదే, ముగింపు. మా నర్సరీ రైతుల మీటింగులో కాలవ నీళ్ళ గురించి మొదటిసారి మాట్లాడాను. "కాలవ కట్టేసి నీళ్ళు ఆపేముందు మాకొక కబురు చెయ్యండి" అనగానే చప్పట్లు మోగాయి. మాస్టారు కళ్ళజోడు తీశారు. చూశాను. చూసి కూడా ఎద్దు కథ ఎత్తుకున్నాను. ఎద్దు ఇంకా కాలవ గట్టు ఎక్కకుండానే అవతల విస్తళ్ళు వేశారు. సభ మొత్తం లేచిపోయింది.

"రేవు దాటిపోయారండీ" అన్నారు మాస్టారు, సాంబారు పోయించుకుంటూ.

"ఎక్కడండీ దాటింది?"

"చప్పట్లు కొట్టారే, అదే రేవు. లాంచీ నడిపేవాడికి గోదారంతా తెలిసుండొచ్చు. జనం దిగేది మాత్రం రేవులోనేనండీ."

ఆ తరవాత ఆయన లేకుండా నేనెక్కడా మాట్లాడలేదు. కళ్ళజోడు తీస్తే దండం పెట్టి దిగిపోయేవాణ్ణి. "భలే ఆపారండీ!" అనేవారు జనం. ఆపింది ఎవరో మా ఇద్దరికే తెలుసు.

ఒక సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని ఉండగా, "నేను లేకపోతే ఏం చేస్తారండీ?" అని అడిగారు.

"మీరు లేని సభలో నాకేం పనండీ" అన్నాను.

ఆయన గోదావరి వైపు చూస్తూ ఊరుకున్నారు. విరామం కాబోలు, తరవాత ఏదో అంటారు అని ఎదురుచూశాను. ఇప్పటికీ చూస్తున్నాను.

మొన్న అదే లైబ్రరీలో సంతాపసభ పెట్టారు. ఆయన లేని సభలో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడటానికి కాదు, ఆగలేనేమోనని భయపడ్డాను. ఆయన గురించి మొదలుపెట్టి, ఎద్దుతో ముగించి, జనం లేచిపోతుంటే చూస్తూ నిలబడితే, ఆయన నాకు నేర్పింది ఏముంది?

మాస్టారి భార్యని మేమంతా అమ్మగారంటాం. వేదిక మీదకి పిలిస్తే ఆవిడ రానన్నారు. ఆఖరి వరుసలో ఆయన కూర్చునే మూల కుర్చీ ఖాళీగా వదిలి, పక్కదాంట్లో కూర్చున్నారు. సభకి ముందు వెళ్ళి పలకరించాను.

"ఆయన కళ్ళజోడు చూసి దిగడం అలవాటండి. ఇవాళ ఎక్కడ ఆపాలో తెలీడం లేదు."

"కళ్ళజోడు ఆయనతోనే పంపేశామండీ. అది లేకపోతే గుమ్మం కూడా కనపడదుగా ఆయనకి" అన్నారు. మళ్ళీ ఆవిడే, "మీకు తోచినంతసేపు మాట్లాడండి. ఇంటికెళ్ళి ఇప్పుడు నేను చేసేదేముంది" అన్నారు.

వెళ్ళాను. మైకు ఊదలేదు. "మాస్టారి మనుషులందరికీ నమస్కారం" అన్నాను, అంతే సంబోధన. బొడ్డుమల్లె గురించీ, తప్పిపోయిన బస్సు గురించీ చెప్పాను. నవ్వారు. ఆ నవ్వు నిండేదాకా ఆగాను. రేవు మెట్ల మీద ఆయన అడిగిన మాట చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంతాపసభలో కొట్టరు కదా. అలవాటుకొద్దీ ఆఖరి వరుస వైపు చూశాను. ఖాళీ కుర్చీ, పక్కన అమ్మగారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎద్దు నోటిదాకా వచ్చింది. మంచి ఎద్దు, మాస్టారికీ ఇష్టమే. దాన్ని లోపలే కట్టేసి, దండం పెట్టి దిగిపోయాను.

సభ అయ్యాక ఏజెంటు ఆటో పిలుచుకొచ్చాడు. ఎక్కబోతూ అమ్మగారు నావైపు తిరిగారు.

"బొడ్డుమల్లెకి ఇన్నాళ్ళూ ఆయనే పోసేవారండీ. రోజూ ఎన్ని నీళ్ళు పొయ్యాలి?"

"ఒక చెంబుడు చాలండి" అన్నాను.

ఆవిడ తలూపి ఎక్కారు. ఆటో వెళ్ళిపోయింది.