నంబరు పడని వరుస

తొంభై మూడు వానాకాలంలో నన్ను ఆదిలాబాద్‌లోని ఒక సర్కారు ఆఫీసు కంప్యూటర్ గదిలో సీనియర్ అసిస్టెంటుగా వేశారు. బయట ముసురు, లోపల నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. చూస్తూ కూర్చుంటే మెలకువలోనే కల కంటున్నట్టుండేది.

జైనూర్ అవతల ఒక ఊరు కొత్త చెరువులో మునగబోతోంది. ఆ ఊరివాళ్లకు వేరేచోట ఇచ్చే ఇంటి స్థలాల కోసం కుటుంబ పెద్దల పేర్లను వరుసకొకటి చొప్పున ఫైలులో టైపు చేశారు. వరుస సంఖ్యే స్థలం నంబరు. నేను ‘ఎన్‌ఎల్’ అని కొట్టి, ఫైలు పేరిచ్చి, మీట నొక్కాను. వరుసలకు అంకెలు వేసే ఆదేశం అది. మంచులోంచి మనుషులు నడిచొచ్చినట్టు ఒక్కో పేరు ముందు ఒక్కో అంకె వచ్చింది. అబ్బో, అంతా నా గొప్పే అనుకున్నాను! చివరి అంకె నలభై. సూపరింటెండెంటు చేత సంతకం చేయించి జాబితా పంపేశాను.

నాలుగు రోజులకు గంగుబాయి అనే ఆమె తడిసిన చీరతో వచ్చి గడప అవతలే నిలబడింది. ఊళ్లో అందరికీ నంబరు చీటీలు అందాయట, తనకు రాలేదట. సోమవారం స్థలాలు అప్పజెబుతారు. చీటీ లేకపోతే జాగ లేదు. జాబితాలో వెతుకుదామని భర్త పేరడిగాను. ఆమె తల దించుకుంది.

“పెనిమిటి పేరు నోట్లకెళ్లి ఎట్ల తీస్త సారూ? ఆయన పనికి పోయిండు. రాసెటాయనకు గూడ గదే చెప్పిన. మల్ల కనుక్కుంటనని గా జాగ ఖాళీగ ఇడిసిండు.”

గుమాస్తా ఖాళీగా వదిలినదాన్ని టైపిస్టు ఖాళీ వరుసగానే ఉంచింది. విడిగా చెబితే తప్ప ఎన్‌ఎల్ ఖాళీ వరుసకు అంకె వేయదు, దాటిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఫైలులో వరుసలెన్నో చూడలేదు. సిగ్గుపడుతూ తెరవైపు తిరిగి ఫైలు తెరిచాను.

ఖాళీ వరుస పదిహేడోది. అక్కడే అంకె వేస్తే కింది వాళ్లందరి స్థలాలూ మారిపోతాయి. ఇచ్చిన చీటీలు వెనక్కి తీసుకోవడం కుదరదని సూపరింటెండెంటు తేల్చేశారు. సర్వేలో వేసిన స్థలాలు నలభై ఒకటి. కాబట్టి ఆ వరుసను చివరికి జరిపి, ఆమె పేరే టైపు చేసి, ఆదేశం మళ్లీ నడిపాను. భర్త పేరు లేకుండా ఎట్లా అని ఆయన గొణిగారు, కానీ సంతకం పెట్టారు.

చీటీ చేతికిచ్చి నలభై ఒకటని చెబితే ఆమె రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. తర్వాత ముసురులోకి నడిచి వెళ్లిపోయింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇక ఏ జాబితాకైనా అంకెలు వేసేముందు ఖాళీ వరుసలు చూసేవాణ్ణి. ఒక్కటి కనిపించినా, అక్కడ ఎవరున్నారని అడిగేవాణ్ణి.