అయ్యగారు అనని మాట

మా ఇంట్లో జనవరి ఒకటో తారీఖుకు ఒక పద్ధతి ఉంది. అబిడ్స్‌లో కొన్న కొత్త డైరీ మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు అద్ది, పైన 'శ్రీరామ' అని రాసి దేవుడి ముందు పెడతాం. స్నానాలయ్యాక ఒక్కొక్కరం ఆ ఏడాదికి ఒక కోరిక రాస్తాం. దాని ఎదురుగా మొక్కు కూడా రాయాలి. ఊరికే అడిగితే దేవుడు వినడా అని చిన్నప్పుడు మా అమ్మను అడిగాను. "వింటడు బిడ్డా. కానీ మనమేం జేస్తమో గూడ చెప్పాలె గద" అంది. తర్వాత నాంపల్లిలో మా గల్లీ చివరనున్న చిన్న హనుమాన్ గుడికి డైరీ తీసుకెళ్ళి, ఆ పేజీ మీద అయ్యగారితో సిందూరం బొట్టు పెట్టించుకుని వస్తాం.

పన్నెండేళ్ళ కిందట ఆ పేజీలో నా కోరిక ప్రమోషన్. ఎదురుగా, 'నా భార్య పదకొండు శనివారాలు ఉపవాసముండి పొద్దున్నే నూట ఎనిమిదేసి ప్రదక్షిణలు చేస్తుంది' అని రాశాను. అందులో తప్పేమీ నాకు కనబడలేదు. మా నాన్న మొక్కిన మొక్కులకు మా అమ్మ ఎన్ని ఒక్కపొద్దులుందో!

నా భార్య అది చదివి నవ్వింది.

"ఇగో, గిదేంది? మొక్కుడు మీరు, తిరుగుడు నేనా?"

"మనిద్దరం వేరా ఏంది?"

"గట్లయితే నా పరీక్ష గూడ మీరే రాయున్రి" అని, నా కోరిక కింద తన కోరిక రాసింది. 'డిగ్రీ పూర్తి చేయాలి.'

పెళ్ళితో ఆగిపోయిన చదువును ఆమె దూరవిద్యలో మళ్ళీ మొదలుపెట్టింది. రెండేళ్ళు గట్టెక్కి చివరి ఏడాదికి వచ్చింది. బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో శనివారం పొద్దున తొమ్మిదికి ఇంగ్లీషు పాఠం ఉండేది. ఆమెకు భయమున్న పేపరు అదొక్కటే.

మొదటి శనివారం చీకటితో లేచి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, గుడికి పోయి తిరిగింది. క్లాసుకు చేరేసరికి పాఠం అయిపోయింది. రెండో శనివారమూ అంతే. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది.

"మంగళారం తిరిగితే నడువదా? హనుమంతునికి మంగళారం గూడ మంచిదే గద. జర అయ్యగారినడగున్రి."

ఆ సాయంత్రమే వెళ్ళి, ఆమె క్లాసు సంగతి చెప్పి అడిగాను. అయ్యగారు హారతి పళ్ళెం తుడుస్తున్నారు.

"మంగళవారమైనా శనివారమైనా ఒకటే నాయనా. ఇంతకూ మొక్కిందెవరు?"

"నేనే."

"అయితే నువ్వే తిరగొచ్చుగా. ఆవిడకెందుకు శ్రమ?"

గుడి నుంచి మా ఇంటికి వంద అడుగులుంటే ఎక్కువ. ఆ దూరంలోనే మాట మార్చేశాను. "శనారమే తిరగాలంట. రాసింది మార్చొద్దన్నరు అయ్యగారు" అని చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, ఒకటి భయం. ఆఫీసులో ప్రమోషన్ల జాబితా తయారవుతోంది. రోజు మారిస్తే నా పేరు తప్పిపోతుందేమో అనిపించింది. ఇంతవరకైతే చెప్పుకోవడానికి పెద్ద సిగ్గేమీ లేదు. రెండోది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను ఇంటర్‌తోనే ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఇంట్లో నాకంటే ఎక్కువ చదివిన మనిషి ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

"దేవుని మాటకు ఎదురేం చెప్త" అంది ఆమె. పదకొండు శనివారాలూ తిరిగింది. ఇంగ్లీషు తప్పింది. మళ్ళీ రాయలేదు. ఆ జూన్‌లో నాకు ప్రమోషన్ వచ్చింది.

మా అమ్మకు, చెల్లెలికి, ఆఫీసువాళ్ళకు నేనొకటే చెప్పాను. "ఆమెకు చదువు మీద అంత పట్టు లేదు. భక్తి ఎక్కువ." ఆమె వింటుండగా కూడా అన్నాను. ఆమె కాదనలేదు. ఆ తర్వాత మా గల్లీ గుడికి మాత్రం పోవడం మానేసి, ఆటోలో హిమాయత్‌నగర్‌లోని గుడికి వెళ్ళేది. అక్కడ ప్రశాంతంగా ఉంటుంది కాబోలు అనుకున్నాను.

మొన్న డిసెంబరులో గుడి ముందు అయ్యగారు నన్ను ఆపారు. ఆయన ఇప్పుడు ముసలివారయ్యారు. పూజ కొడుకు చేస్తున్నాడు, ఈయన కుర్చీలో కూర్చుంటారు.

"మీ ఆవిడ చదువేమైంది నాయనా? అప్పుడు మంగళవారాలకు మార్చుకుందా?"

ఆయనకు గుర్తుంది. ఏదో గొణిగి వచ్చేశాను.

జనవరి ఒకటిన డైరీకి పసుపు అద్ది కూర్చున్నాక నాకు కోరిక రాయడానికి చెయ్యి రాలేదు. ఆమె పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మొత్తం చెప్పాను, ఇంటర్ సంగతితో సహా.

"మంగళారమైనా నడుస్తుండెనా?"

"ఔ."

"మీరే తిరుగుమన్నడా?"

"ఔ."

మిగిలిన కాయల ఈనెలు కూడా తీసి గిన్నె పక్కన పెట్టింది.

"పన్నెండేండ్లాయె. గా పెద్దమనిషిని మనసుల ఎంత తిట్టుకున్ననో. ఎదురొస్తే మొకం తిప్పుకున్న. పాపం, ఆయన నాకేం జేసిండు?"

చీర మార్చుకుని గుడికి బయలుదేరింది. నేను డైరీ పట్టుకుని వెనక నడిచాను. నాంపల్లి మైదానంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యే రోజు కావడంతో రోడ్డంతా ఆటోలు, మోటారు సైకిళ్ళు.

ఆమె అయ్యగారి కాళ్ళకు దండం పెట్టింది. కొడుకు చేతిలోని తీర్థం గిన్నె ఆయన చేతికిప్పించి, ఆయనతోనే తీర్థం పోయించుకుంది.

"చాలా రోజులైందమ్మా నిన్ను చూసి."

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పాను. ఆయన కండువా సర్దుకున్నారు.

"నా పేరు వాడుకున్నావు, పోనీ. ఆయన పేరు కూడా వాడుకున్నావే" అని గర్భగుడి వైపు చూపించారు.

అక్కడే కూర్చుని ఆ పేజీలో రాసిన నా కోరిక, 'అబద్ధం విన్న ప్రతి ఒక్కరికీ నిజం చెప్పాలి' అని. ఎదురుగా పదకొండు శనివారాల ప్రదక్షిణలు. చేసేది నేనే. నువ్వు కూడా రాయమని డైరీ ఆమె ముందుకు జరిపాను.

"నా కోరిక గిండ్ల రాయ. నేను వేరే డైరీ కొనుక్కుంట. మీరు చదవొద్దు" అంది. సాయంత్రం ఒక్కతే అబిడ్స్ దాకా నడిచిపోయి చిన్న డైరీ కొనుక్కొచ్చింది.

కాచిగూడలో చెల్లెలింట్లో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళి, ఇద్దరికీ చెప్పాను. చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది. "మొక్కు రాసుడు నేర్పింది నేనే గదరా" అంది అమ్మ. "ఎవలు తిరగాల్నో గూడ నేర్పాల్సుండె." ఆఫీసులో ఇంకా ఉన్నవాళ్ళకు చెప్పాను. విన్నవాళ్ళలో సగంమంది రిటైరయ్యారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఏడు శనివారాలయ్యాయి, నాలుగున్నాయి. యాభై ప్రదక్షిణలు దాటేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. ఆమె ఖాళీ కడుపుతో తిరిగి, ఆ కాళ్ళతోనే క్లాసుకు పోయేదని అప్పుడు గుర్తొస్తుంది. తిరిగి ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఆమె తొమ్మిదికి ముందే ఎటో వెళ్ళిపోతుంది. ఎక్కడికని నేను అడగను.