అమ్మ పాటల మధ్య టింగుమన్న ఉద్యోగం

కమలాపురంలో నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, ఒక అమ్మాయి ఉద్యోగాన్ని మా ఇంట్లో పాటల కింద దాచిపెట్టాను. కావాలని చేసి ఉంటే తెలివైనవాణ్ణనే పేరైనా దక్కేది.

అప్పట్లో ఊళ్లో సగంమందికి మెయిల్ అడ్రస్ అంటే నా సెంటర్ అడ్రసే. అందరి అప్లికేషన్లలోనూ అదే రాసేవాణ్ణి. ఊరి ఉత్తరాలన్నీ నా చేతిలో ఉన్నాయని కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

మెయిల్ ముందు సర్వర్‌కు చేరుతుంది. ఏదో ఒక కంప్యూటర్ వచ్చి అడిగేదాకా అక్కడే ఉంటుంది. ఇచ్చాక కాపీ ఉంచుకోవాలా, చెరిపేయాలా అన్నది మనమే చెప్పాలి. అక్కడ నా మెయిల్ డబ్బా మాటిమాటికీ నిండిపోతోందని నేను చెరిపేయమన్నాను. తర్వాత సెంటర్‌కు కొత్త కంప్యూటర్ కొని, పాతదాన్ని అమ్మ నెట్‌లో పాటలు వినడానికి ఇంటికి చేర్చాను. అందులోంచి మెయిల్ తెచ్చే ప్రోగ్రామ్ తీసేయడం మాత్రం మరిచిపోయాను.

నర్సు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్న షాహీనా వారం రోజులు నా చుట్టూ తిరిగింది. వాళ్ల నాన్న మంచాన పడి ఉన్నాడు. ఇల్లు నడవాలంటే ఆ ఉద్యోగమే దిక్కు.

“కడప ఆసుపత్రోళ్లు పంపినామంటాండారన్నా.”

“పంపింటే యాడికి పోతాదిమా? ఈడ డబ్బా ఖాళీగా ఉండాది, నువ్వే సూడు.”

పైగా ఆసుపత్రివాళ్లకు మెయిల్ పంపడం రాదని తేల్చేశాను. వారంగా ఎవరికీ ఏదీ రాకపోతే, సెలవులేమో అనుకున్న మేధావిని.

ఒక ఉదయం ఇంట్లో పాట మధ్యలో టింగుమంది. ఇదేమిటని అమ్మను అడిగాను.

“దినామూ అంతేలే నాయనా. నువ్వే పాటలో పెట్టినావనుకుంటి.”

చూస్తే, పాత కంప్యూటర్ రోజూ పొద్దుటినుంచీ సర్వర్ దగ్గరికి పోయి ఊరి మెయిళ్లన్నీ నాకంటే ముందే తెచ్చేసుకుంటోంది. వాటిలో షాహీనాదీ ఉంది. ఇంటర్వ్యూ ఆరోజే, పదింటికి కడపలో. అప్పటికే తొమ్మిది దాటింది.

ఆటో మాట్లాడి షాహీనానూ వాళ్లమ్మనూ ఎక్కించి, డ్రైవర్ పక్కన సగం గాలిలో కూర్చుని జరిగింది చెప్పాను. ఆసుపత్రి గేటు దగ్గర షాహీనా ఆగింది.

“నా పేరు పిల్చేసింటే, మా నాయనకు ఏం చెప్పల్లన్నా?”

సిగ్గుతో తల దించుకునే లోపలికి నడిచి, పేర్లు పిలిచే మనిషిని అడిగాను. అదృష్టం, చివరి పేరు ఆమెదే, ఇంకా పిలవలేదు. ఉద్యోగం వచ్చింది.

వారం తర్వాత వచ్చి సొంత అడ్రస్ తెరవమంది. పాస్‌వర్డ్ దగ్గర ఆగి, “అన్నా, గోడ తట్టు తిరుగు” అంది. తిరిగాను.

అప్పుడే ప్రమాణం చేశాను. సర్వర్‌లో కాపీ చెరపను. ఒకరి ఉత్తరాలకు నేను పెద్దమనిషిగా కూర్చోను. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా గోడనే చూస్తాను. ఆ గోడకున్న పగుళ్లన్నీ నాకిప్పుడు కంఠస్థం.