మాణిక్యాంబ గారికి వాసన చెప్పడం

మొన్న ఓ వానాకాలం మధ్యాహ్నం, మావయ్యగారి నడుముకు బెల్టు కొందామని చోడవరంలో కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ క్లినిక్కుకు వెళ్ళాను. అద్దం తలుపు తోయగానే నిమ్మగడ్డి వాసన ముఖానికి తగిలింది. బల్ల మీద సుగంధ తైలాన్ని మంచులా చిమ్మే డిఫ్యూజరు, తెల్లటి చిన్న కూజాలా ఉంది. దాని మూతిలోంచి సన్నటి పొగమంచు లేచి, ఫ్యాను గాలికి వంగి, కనపడకుండా పోతోంది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బయట వాన పడుతూనే ఉంది, ఆటోలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతూనే ఉన్నాయి, బల్ల దగ్గరి అమ్మాయి నన్నేదో అడుగుతూనే ఉంది. నేను మాత్రం మా పాత అద్దె ఇంటి నడిమి గదిలో ఉన్నాను. కిటికీ ఎక్కడుందా అని కళ్ళు వెతుక్కున్నాయి. ఓ మూల రెక్క ఓరగా తీసి ఉంది. అప్పుడు గానీ లోపలికి అడుగు వెయ్యలేదు. గదిలోకి వెళ్ళగానే అలా చూసుకోవడం నాకు మాణిక్యాంబ గారి వల్ల అలవాటయింది.

ఆవిడ ఆ ఇంట్లో పైవాటాలో ఉండేవారు. అనకాపల్లి కాలేజీలో చాలా ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. పలచటి మనిషి. నూలు చీర, జేబురుమాలు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుండే ముఖం. కరోనా వచ్చి తగ్గిపోయాక ఆవిడకు వాసన తెలియకుండా పోయింది. జీవితమంతా ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాకే దాని పేరు చెప్పిన మనిషికి సంపెంగా ఒకటే, సబ్బూ ఒకటే అయిపోయాయి. డాక్టరు రోజూ ఉదయం, సాయంత్రం కొన్ని సుగంధ తైలాల సీసాలు ఒక్కొక్కటిగా వాసన చూడమన్నారట. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. ముక్కు మరిచిపోయినదాన్ని నెమ్మదిగా గుర్తుచేసే అభ్యాసమట అది. మేడమెట్ల మీద కూర్చుని, సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయేవారు. చూసేవాళ్ళకు పూజలా ఉండేది.

నేను బ్యాంకుకు బయల్దేరుతుంటే ఓ రోజు పిలిచారు.

"శారదా, ఓపాలి ఇలా రా. ఇది ఏటి వాసనేస్తంది?"

"లవంగమండీ, పిన్నిగారూ."

"పేరు సీసా మీదే ఉంది, నేనూ చదవగలను. వాసన చెప్పు."

"బాగుందండీ."

"బాగుందంటే నాకేటి అందుతుందమ్మా?"

నేను మళ్ళీ వాసన చూశాను. చిన్నప్పుడు పన్ను నొప్పికి అమ్మ దూదిలో ముంచి పెట్టిన నూనె గుర్తొచ్చింది. నాలిక మొద్దుబారినట్టుంటుందని, వెచ్చగా మొదలై చివర చల్లబడుతుందని, చీకటి అలమరలో మడతపెట్టిన పట్టుచీర పక్కన ఉన్నట్టుంటుందని చెప్పాను. చెబుతుంటే నాకే వింతగా అనిపించింది. రోజూ వంటింట్లో వేలితో తీసి కూరలో పడేసే వస్తువులో ఇంత ఉందా? ఆవిడ కళ్ళు తెరవకుండానే తల ఊపి, "ఆఁ, ఇప్పుడు కాస్త దగ్గరికొచ్చింది" అన్నారు. ఆ తర్వాత రోజూ బస్సు వేళకు ముందు ఆ మెట్ల దగ్గర ఆగడం మామూలయిపోయింది. బ్యాంకులో కూర్చున్నా చేతి రుమాలుకు ఏదో ఒక వాసన అంటుకుని ఉండేది. రోజంతా ఏదో కలలోంచి సగమే లేచి వచ్చినట్టు తిరిగేదాన్ని.

కింద మా వాటాలో సంగతి వేరుగా ఉండేది. మావయ్యగారు బస్సు డ్రైవరుగా చేశారు. మాడుగుల మీదుగా ఏజెన్సీ కొండల ఘాటు రోడ్డు ఎక్కిస్తూ, దింపుతూ వయసంతా గడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. సాధన చేస్తే మాట కొంత తిరిగి రావచ్చని డాక్టరు చెప్పినా ఆయన పెదవి కదిపేవారు కాదు. అత్తయ్యగారు అంతకుముందే పోయారు. నడిమి గదిలో మందుల వాసన, తడిసిన పక్కబట్టల వాసన, వాటి మీద ఫినాయిల్ వాసన. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పలకరించేవారు. ఆయనకు అది తెలుసు. ఎవరైనా వస్తున్న అలికిడి వింటే ముఖం గోడవైపు తిప్పుకునేవారు. ఆ తిప్పుకోవడం చూడలేక మా ఆయన ప్రసాదు ఓ ఆదివారం విశాఖపట్నం వెళ్ళి డిఫ్యూజరు, ఓ లావెండర్ నూనె సీసా కొనుక్కొచ్చారు.

తండ్రి మీది ప్రేమకొద్దీ చేసిన పని అది. మంచం పక్కనే స్టూలు మీద డిఫ్యూజరు పెట్టి, నూనె ఒంపి, వాసన బయటికి పోకుండా తలుపులు, కిటికీలు మూసేశారు. గది కాసేపు ఎక్కడో కొండ మీది తోటలా అయింది. మంచు మెల్లగా మంచాన్ని చుట్టుకుంది. అంతలో మావయ్యగారికి దగ్గు మొదలైంది. ఆగలేదు. గుండెల్లో పిల్లికూతలు, కళ్ళవెంట నీళ్ళు. నా కేక విని పైనుంచి మాణిక్యాంబ గారు చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చారు. ఆవిడకు గదిలో ఏ వాసనా తెలియదు. ఆ మంచునీ మూసిన రెక్కల్నీ చూసి గ్రహించారు. స్విచ్చి ఆపి, కిటికీలు బార్లా తెరిచి, ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు.

"కిటికీలు ఎందుకేసేరు బాబూ?"

"వాసన బయటికి పోతుందనండీ" అన్నారు ప్రసాదు.

"లోపలున్న మనిషికి ఊపిరాడొద్దా? నువ్వు మంచికే చేసేవులే. ముందు డాక్టరు దగ్గరికి పదండి."

భయపడాల్సింది లేదన్నారు డాక్టరు. ఛాతీ తేలికపడేదాకా ఆ గదిలో ఏ సెంటూ, అగరుబత్తీ వద్దన్నారు. ఇంటికొచ్చాక ప్రసాదు డిఫ్యూజర్ని అటక మీద పడెయ్యబోతే మాణిక్యాంబ గారు ఆపారు. "దాని తప్పేటుంది? ముందు ఈ కంపెక్కణ్ణుంచి వస్తందో చూద్దాం" అన్నారు.

ఆ వారం మా ఇల్లు తలకిందులయింది. పరుపు మేడ మీద ఎండలో పడింది. దాని మీదికి నీళ్ళు దిగని కవరు వచ్చింది. బీరువా వెనక గోడకు పట్టిన బూజును ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడిచాం. దళసరి పరదాలు తీసి పలచటివి కట్టాం. మంచాన్ని కిటికీ పక్కకు జరిపాం. ఆయన తల తిప్పితే ఇప్పుడు గోడ బదులు వీధి కనపడుతుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరుకు బళ్ళు వెళుతున్నాయి. ఆయన కళ్ళు ప్రతి బండినీ మలుపు దాకా సాగనంపాయి. మాణిక్యాంబ గారు గది మధ్య నిలబడి, "ఇప్పుడేటి వాసన?" అని అడిగారు.

"ఏమీ లేదండీ."

"అదీ కావలసింది" అని నవ్వారు. "ఇంక దీని మీద ఏదైనా వెయ్యొచ్చు."

డాక్టరు సరేనన్నాక ఆవిడ తన సీసాలకు మా లావెండరూ, కొత్తవి ఇంకొన్నీ కలిపి పళ్ళెంలో పెట్టుకుని దిగారు. మమ్మల్నెవర్నీ అడగలేదు. మావయ్యగారి ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఈ గది మీది. గాలి పీల్చేది మీరు. నచ్చకపోతే తల తిప్పెయ్యండి" అన్నారు. ఒక్కో మూత తీసి దూరంగా పట్టుకున్నారు. లావెండర్‌కు ఆయన తల తిప్పేశారు. నీలగిరికీ తిప్పేశారు. గులాబీకి మొహం చిట్లించారు. నిమ్మగడ్డికి తిప్పలేదు.

ఆవిడ డిఫ్యూజరులో గీత దాకా మంచినీళ్ళు పోసి, నూనె మూడు చుక్కలే వేశారు. మంచానికి దూరంగా గూట్లో పెట్టారు. తలుపు తెరిచే ఉంచి, కిటికీ రెక్క ఓరగా వేశారు. గదిలోకి దూరిన ఎదురింటి పిల్లిని నా చేతికిచ్చి, "దీనికీ నూనెలు పడవు, బయట వదిలెయ్" అన్నారు. అరగంట కాగానే ఆపెయ్యాలని, తర్వాత నీళ్ళు పారబోసి తుడవాలని, సీసా మందుల పక్కన పెట్టకూడదని, ఎవరైనా టానిక్కనుకుని తాగితే ప్రాణం మీదికొస్తుందని పాఠంలా చెప్పుకుంటూ పోయారు. నేను సగమే విన్నాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా గదిలోకి వస్తోంది. ఆ వెలుతురులో మంచు దారంలా లేచి, విడిపోయి, ఎటో తేలిపోతోంది. చుట్టూ మెత్తటి పుల్లటి పచ్చిగడ్డి వాసన.

అప్పుడు మావయ్యగారి ఎడమచెయ్యి కదిలింది. దుప్పటి మీద దేన్నో పట్టుకుని ముందుకు తోసింది, వెనక్కి లాగింది. ఆయన చూపు కిటికీ దాటి, వీధి దాటి ఎక్కడికో పోయింది. గొంతులోంచి గరగరమని ఓ శబ్దం వచ్చింది.

"గే... గేరు."

ప్రసాదు గోడకు ఆనుకుని ఏడ్చేశారు. మాణిక్యాంబ గారు మాత్రం కుర్చీ మరింత దగ్గరికి లాక్కుని, మామూలుగా అడిగారు.

"ఘాటెక్కుతన్నారా? నాకు వాసన తెలవదండీ. అక్కడేటి వాసనేస్తంది, మీరే చెప్పాలి."

ఆయన నోరు తెరిచారు, మూశారు. మాట కోసం ఆయన పడుతున్న యాతన చూడలేక "గడ్డా మావయ్యా? వానా?" అన్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేశారు. "అందించకు. వెతుక్కుంటన్నారు, వెతుక్కోనీ." మేం అలాగే కూర్చున్నాం. ఎండ మంచం మీద నుంచి నేల మీదికి దిగింది. "తడి... తడి గడ్డి" అన్నారు ఆయన చివరికి.

ఆ రోజు నుంచి మెట్ల మీద నా పని అయిపోయింది. ఆవిడ రోజూ కిందికే వచ్చేవారు. డిఫ్యూజరు పెట్టని రోజు సీసా మూతలు, అదీ కాకపోతే కరివేపాకు, చింతపండు, కొత్త పుస్తకం, ఏదో ఒకటి. ఆయన వాసన చూసి మాట వెతికేవారు. ఆవిడ ఆ మాట పట్టుకుని వాసన వెతికేవారు. ఒకరికి పోయినదాన్ని ఇంకొకరు వెతికిపెడుతున్నట్టు ఉండేది. నేను టీ తెచ్చి గుమ్మంలో నిలబడి వినేదాన్ని. మాటలు తక్కువ, మధ్యలో నిశ్శబ్దాలు ఎక్కువ. ఆ నిశ్శబ్దాల్లో ఆయన బస్సు కొండ మలుపులు తిరుగుతున్నట్టు, టాపు మీద కొండచీపుళ్ళ కట్టలు ఊగుతున్నట్టు నాకు కనపడేది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు లోపలికొచ్చి కూర్చునేవారు.

ఆవిడ ముక్కు మాత్రం చాన్నాళ్ళు పలకలేదు. ఓ సాయంత్రం వాన వెలిశాక, మావయ్యగారి దగ్గర కూర్చున్నావిడ ఉన్నట్టుండి లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తారు. ఊచలు పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఒసే శారదా! కాలవ కంపు కొడతందే! నిజంగా కొడతందే!"

గులాబీ కోసం, లవంగం కోసం అన్నాళ్ళు ఎదురుచూసిన మనిషి మురుగుకాలవ కంపుకు అంత సంబరపడటం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావయ్యగారు తల ఎత్తి, ఒక్కో మాటా కూడదీసుకుని అన్నారు. "నాకు... ఎప్పుణ్ణుంచో... కొడతంది." పక్షవాతం వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఆవిడ అలాగే ఊచలు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

తర్వాత ఒక్కోటీ మసకమసకగా తిరిగొచ్చాయి. కాఫీ ముందు, నిమ్మ తర్వాత. గులాబీ రాలేదు. "పోనీలే, అదెలా ఉంటుందో మీరు చెప్పేరుగా" అనేవారు మావయ్యగారితో.

పోయిన వేసవిలో మాణిక్యాంబ గారు గుండెపోటుతో పోయారు. నిద్రలోనే పోయారని, బాధపడి ఉండరని అందరూ అన్నారు. బంధువులు వచ్చేదాకా ఆవిడ్ని కింద మా వసారాలోనే ఉంచాం. ఎవరో పెద్ద కట్ట అగరుబత్తీలు వెలిగించి ఆవిడ తలాపున గుచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చున్న మావయ్యగారు, "ఆ పొగ తియ్యండి. ఆవిడకి గాలాడనివ్వండి" అన్నారు. ఎక్కడా తడబడలేదు. ఆయనకు మాట వచ్చిందని తెలియని చుట్టాలు కొందరు ఉలిక్కిపడి చూశారు. ప్రసాదు వెళ్ళి అగరుబత్తీలు తీసేశారు.

ఆ ఇల్లు ఖాళీ చేసి మేం ఇప్పుడు వేరే వీధిలో ఉంటున్నాం. డిఫ్యూజరు అప్పుడప్పుడూ పెడతాం, మావయ్యగారు అడిగినప్పుడు. నాకు మాణిక్యాంబ గారు ఎక్కువగా గుర్తొచ్చేది ఇంట్లో కాదు, బ్యాంకులో. ఈ మధ్య రావికమతం వైపు పల్లె నుంచి ఒకావిడ నా కౌంటరు దగ్గరికి వచ్చింది. చేతిలో పాసుపుస్తకం, ఆధారు కార్డు. ఏం కావాలని అడిగితే "ఆయన" అని ఆగిపోయింది. మళ్ళీ "ఆయన" అంది. ఆ తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు, బొట్టు లేని ఆవిడ నుదుటి మీద కనపడుతూనే ఉంది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. పక్క సీటు అబ్బాయి ఆవిడకు ఫారం అందించబోయాడు. నేను చేత్తో ఆగమన్నాను. కౌంటరు అవతలికి వెళ్ళి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"తొందర లేదమ్మా" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, కొంగు సర్దుకుని, కాసేపటికి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.